ఎర్రపట్నంలో ఎంగిలి లేదు

హైదరాబాదులో నన్ను ఏ సందులో వదిలినా ఇప్పటికీ దారి తప్పుతాను. ఎర్రపట్నంలో మాత్రం కళ్ళు మూసుకుని నడుస్తాను. ఓడ దిగగానే కుడిచేతి పక్కన నీళ్ళగది. అది దాటితే అద్దాల కప్పు కింద ఆకుకూరల మడులు. మడుల చివర గంట. ఆ గంట మోగిందంటే ఊరు ఊరంతా ఎక్కడి పని అక్కడ ఆపి పడుకోవాలి, గాలి పొదుపు చెయ్యడానికి. ఆ ఊరు అంగారకుడి మీద ఉంది. ఇంకో వందేళ్ళకు గానీ పుట్టదు. అయినా అక్కడ ఎవరింట్లో ఏం వండుతారో, ఎవరికీ ఎవరికీ మాటల్లేవో నాకు తెలుసు.

తాండూరులో మా ఇంటికి గురువారం పాసింజరు బండిలో వచ్చే వారపత్రికలో ఆ కథలు పడేవి. సీరియల్ కాదు, దేని కథ దానిదే. ఒక వారం మడులు చూసుకునే ముసలాయన కథ వస్తే, కొన్ని వారాల తర్వాత ఓడ నడిపే ఆవిడ కథ వచ్చేది. ఊరు మాత్రం అదే. ఇందులో ముఖ్యమైన మనిషి అందులో పక్కనుంచి నడిచిపోతూ కనిపించేవాడు. అలా కనిపించినప్పుడు బజార్లో చుట్టం ఎదురైనంత సంబరంగా ఉండేది నాకు. రాసినాయన పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండేది, మేమెవరం పట్టించుకోలేదు.

సైన్సు కథలంటే రాకెట్లు, మంటలు, మరమనుషులు అనుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. రాకెట్టు ఎలా ఎగిరిందో నాకెందుకు? దిగినవాళ్ళు పొద్దున్నే ఏం తాగారు, బట్టలు ఎక్కడ ఆరేశారు, అది చెప్పాలి. ఆయన చెప్పేవాడు. ఎర్రపట్నంలో అన్నిటికన్నా కరువు నీళ్ళు. గ్లాసు కడగడానికి కూడా దొరకవు. అందుకని కొత్తగా ఓడ దిగినవాళ్ళకైనా, బయట పనిచేసి వచ్చినవాళ్ళకైనా ఒకటే మర్యాద. నీళ్ళగది దగ్గర కూర్చునే పెద్దావిడ, ఊరంతా నీళ్ళమనిషి అని పిలిచేది, చెంబు ఎత్తి సగం తాను తాగి, మిగతా సగం వాళ్ళకిస్తుంది. అది తాగితే ఊళ్ళోవాళ్ళయినట్టే. కథ ఏదైనా సరే, ఎక్కడో ఒకచోట ఆ చెంబు చేతులు మారేది.

మొదటిసారి అది చదివి వినిపించినప్పుడు మా అవ్వ, అంటే అమ్మవాళ్ళ అమ్మ, మొహం అదోలా పెట్టింది.

"ఛీ! ఇంటికొచ్చినోళ్ళకు ఎంగిలి నీళ్ళిస్తరా? గదేం ఊరు బిడ్డా?"

"నీళ్ళు లేవు అవ్వా అక్కడ."

"లేకుంటె లేకపాయె. గట్లని ఎంగిలి తాగిపిస్తరా?"

కొన్ని నెలలు గడిచేసరికి ఆమే, "సెంబు ముచ్చట ఇంక రాలేదేంది?" అని నన్ను తొందరపెట్టేది.

ఈ పత్రిక అలవాటు మా ఇంటికి తెచ్చింది చిన్నమ్మ. అమ్మకు చెల్లెలు. యాలాల్ పక్కన గొర్లు కాసుకుని బతికిన ఇంట్లో అక్షరం నేర్చిన మొదటి మనిషి. వికారాబాదులో మిషన్ బడి హాస్టల్లో ఉండి చదువుకుంది. పోలీసు చర్య తర్వాత ఉర్దూ బళ్ళన్నీ తెలుగు బళ్ళవుతుంటే తెలుగు చెప్పేవాళ్ళు కావలసివచ్చి, తాండూరులో ఆమెకు పంతులమ్మ పని దొరికింది. మా ఇంట్లోనే ఉండేది. నాకు అక్షరాలు దిద్దించింది ఆమే, తప్పు రాస్తే చెవి మెలిపెట్టింది ఆమే. మా నాయిన బండల కార్ఖానాలో లెక్కలు రాసే మున్షీ. పలకలుగా కోసిన షాబాదు బండ ముక్కొకటి ఆయన తెచ్చిపెడితే దాని మీదే బొగ్గుతో రాసుకునేదాన్ని.

తర్వాత చిన్నమ్మకు దగ్గు మొదలైంది. ఆ జబ్బు పేరు మా ఇంట్లో ఎవరూ పలికేవాళ్ళు కాదు. వికారాబాదు దగ్గర అనంతగిరి కొండ మీద, గాలి మంచిదని, ఆ జబ్బుకు ఆసుపత్రి కట్టారు. "చిన్నది కొండకు పోయింది" అనేవాళ్ళు, అంతే. ఆమె వెళ్ళిన కొద్దిరోజులకే నా తమ్ముడు పుట్టాడు. అవ్వ మా ఇంటికి వచ్చి ఉండిపోయింది.

పండ్లు తెస్తానన్న నాయినతో చిన్నమ్మ, "పండ్లు గిండ్లు వద్దు బావా. గా పత్రిక తెచ్చియ్యి, సాలు" అందట. నాయిన సరేనన్నాడు గానీ ఒక కట్టడి పెట్టాడు. కొండ మీదికి తీసుకెళ్ళింది ఏదీ తిరిగి ఇంటికి రాకూడదు. రొట్టెలు మోదుగాకులో కట్టి తీసుకెళ్ళి ఆకు అక్కడే పారేసేవాళ్ళం. పత్రిక కూడా అంతే. గురువారం వచ్చినదాన్ని ఆదివారం లోపల ఇల్లంతా చదివేసుకోవాలి. ఆ తర్వాత అది కొండ మీదిది.

అందుకే ఆ కథలు ఒక్కటి కూడా నా దగ్గర లేవు. మళ్ళీ చూసుకునే వీలు లేదని తెలిసి చదివిన చదువు అది. బడిలో పాఠం ఒక్కటీ తలకెక్కేది కాదు. ఎర్రపట్నం మాత్రం గడప గడపా ఎక్కి కూర్చుంది. శుక్రవారం సాయంత్రం బడి నుంచి రాగానే పొయ్యి దగ్గర కూర్చుని గట్టిగా చదివేదాన్ని. అవ్వ జొన్నరొట్టె తడుతూ వినేది. అమ్మ తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకుని, విననట్టుగా వినేది.

ఆదివారం నాయిన, నేను బండెక్కేవాళ్ళం. తాండూరులో నేల నలుపు, బండ బూడిదరంగు. వికారాబాదు దగ్గరపడేకొద్దీ మట్టి ఎర్రబడేది. స్టేషన్ నుంచి టాంగాలో కొండెక్కేసరికి నా తెల్ల గౌను అంచు కూడా ఎర్రగా అయ్యేది. పొడుగాటి వరండా, వరసగా మంచాలు, ఎత్తైన అద్దాల కిటికీలు. మేము మెట్ల మీద కూర్చుంటే చిన్నమ్మ పైన కుర్చీలో కూర్చుని మాట్లాడేది. మధ్యాహ్నం గంట కొట్టగానే రోగులందరూ మాట మానేసి పడుకోవాలి. నేను మొదటిసారి ఆ గంట విన్నప్పుడు చిన్నమ్మ నా మొహం చూసి పకపకా నవ్వింది, దగ్గు వచ్చేదాకా.

"గాలిగంట! సూసినవా బిడ్డా? గీ కథలు రాసెటాయన మా వార్డుల కొన్నిదినాలు పండి పొయ్యిండు. ఒట్టు."

వార్డంతా ఆమె వల్ల ఎర్రపట్నం అయిపోయింది. పత్రిక అందగానే చుట్టూ చేరినవాళ్ళకు మెల్లగా చదివి చెప్పేదట. మొహానికి గుడ్డ కట్టుకుని వచ్చే నర్సమ్మకు గాలి అధికారి అని పేరు పెట్టారు. మంచం మంచానికీ తిరిగి నీళ్ళు పోసే ఆయమ్మ నీళ్ళమనిషి. కొత్తగా చేరినవాళ్ళు ఏడుస్తూ కూర్చుంటే, "ఓడ దిగినవా అక్కా? రా, కూసో" అని పలకరించేవాళ్ళు. కొత్తామె తెల్లమొహం వేసుకుని చూసేది. నాలుగు రోజులకు ఆమే ఇంకో కొత్తామెను అలాగే పలకరించేది.

తమ్ముడి సంగతి తప్పకుండా అడిగేది. "ఎంత అయ్యిండు?" అంటే నేను చేతులతో చూపించేదాన్ని. మొదట రెండు అరచేతుల మధ్య చూపించాను. పోనుపోను మోకాలు దాకా చూపించాను. చిన్నమ్మ నా చేతుల మధ్య ఖాళీనే చూస్తుండేది.

ఒక ఆదివారం ఆమెకు నవ్వు రాలేదు. పత్రిక అందుకుంది గానీ తెరవలేదు. వార్డులో ఆమె పక్క మంచంలో ఉన్న మోమిన్‌పేట దిక్కు ఆవిడకు జబ్బు పూర్తిగా నయమై, అంతకు కొన్నాళ్ళ ముందు ఇంటికి పంపించారు. ఆ వారం ఆవిడ మళ్ళీ కొండెక్కి వచ్చింది. జబ్బు తిరగబెట్టి కాదు. ఇంట్లో ఆవిడకు పశువుల కొట్టంలో పక్క వేశారు, పళ్ళెం దూరం నుంచి నెట్టారు. పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు. ఊడ్చే పనైనా ఇస్తే ఇక్కడే ఉంటానని వచ్చిందట.

"ఆయనకు అన్నీ ఎరుకే బావా" అంది చిన్నమ్మ, పత్రిక మీద చెయ్యి పెట్టి. "పోయెటోళ్ళ ముచ్చట రాస్తడు. ఉండెటోళ్ళ ముచ్చట రాస్తడు. గాడికెల్లి మల్ల ఇంటికి పోతె ఏమైతదో ఒక్క కథల గూడ రాయడు."

"రాస్తడు తియ్యి. ఫికర్ చెయ్యకు" అన్నాడు నాయిన.

"ఏం రాస్తడు? ఆయనకు గూడ ఎరుక లేదు గావచ్చు."

తిరిగి బండెక్కాం. నాకు భయం వేసింది. చిన్నమ్మ చనిపోతుందేమోనన్న భయం అప్పటికి పోయింది. సూదిమందులు పనిచేస్తున్నాయని డాక్టరు చెప్పాడు. ఇది వేరే భయం. ఆమె బతికి వస్తే మా ఇల్లు ఏం చేస్తుంది? మా ఇంట్లో చెడ్డవాళ్ళెవరూ లేరు. అమ్మకు చెల్లెలంటే ప్రాణం. కానీ అమ్మ ఒక్కసారి కూడా కొండకు రాలేదు. మేము కొండ నుంచి రాగానే స్నానం చేస్తే గానీ తమ్ముణ్ణి ముట్టుకోనిచ్చేది కాదు. చంటిపిల్లవాడి తల్లి, ఆమెను ఏమనగలం?

ఆ తర్వాత వచ్చిన కథలోనే నీళ్ళగది పెద్దావిడ చనిపోయింది. నాకు ముందు తెలియదు గదా, ధాటిగా చదువుకుంటూ పోతున్నాను. అద్దాల కప్పు ఒకచోట బీటవారుతుంది. ఆవిడ అందరినీ లోపలికి పంపి తలుపు వేసి తాను బయటే ఉండిపోతుంది. కళ్ళు తుడుచుకుని తలెత్తి చూస్తే పెనం మీద రొట్టె మాడుతోంది, అవ్వ లేదు.

వాడంతా వెతికాము. చివరికి నాయిన కార్ఖానా నుంచి నేరుగా స్టేషన్‌కు పరుగెత్తాడు, వెనక నేను. అవ్వ ప్లాట్‌ఫారం మీద, కొంగులో రొట్టెలు మూటగట్టుకుని, వికారాబాదు దిక్కు చూస్తూ కూర్చుని ఉంది.

"ఏడికి అత్తమ్మా?"

"గా నీళ్ళమనిషి సచ్చిపాయె గద అల్లుడా. ఇగ నా బిడ్డను ఎవరు అరుసుకుంటరు? పొయ్యి సూసొస్త."

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఇన్నాళ్ళూ అవ్వ కథలు వినడం లేదు. కూతురి క్షేమసమాచారం వింటోంది. ఎర్రపట్నమే చిన్నమ్మ ఉన్న కొండ అనుకుంది.

నాయిన పక్కన కూర్చుని ఓపికగా చెప్పాడు. "అత్తమ్మా, గది కథ. గా ఊరు ఇంకా పుట్టనే లేదు. నూరేండ్లకు అయ్యే ముచ్చట."

"నూరేండ్లకు అయ్యేది గిప్పుడే ఎట్ల అచ్చేసిండ్రు?"

నాయిన ఆమె మూట అందుకోబోతే అవ్వ ఇవ్వలేదు.

"సదువు రాదని నాకు గిట్ల సెప్తున్నవా? బెస్తారం నాడు కాయితం వస్తది, పిల్ల సదువుతది, ఐతారం నాడు మల్ల గాడికే తీస్కపోతరు. గా ముచ్చట గాళ్ళది కాకుంటె గాళ్ళకెందుకు ఇచ్చొస్తరు?"

ఇప్పుడు ఆలోచిస్తే అవ్వ లెక్కలో నాకు తప్పేమీ కనిపించదు. ఎర్ర మట్టి అని నేనే చెప్పాను, కొండ దగ్గరా, కథలోనూ. గంట కొడితే పడుకుంటారని రెండింటి గురించీ చెప్పాను. మొహానికి గుడ్డలు, అద్దాలు, దూరంగా పంపేసిన మనుషులు, ఎప్పుడొస్తారో తెలియని ఎదురుచూపు. నేను కొండ నుంచి వచ్చి నవ్వుతూ నీళ్ళమనిషి సంగతి చెప్పినప్పుడు ఆమెకు ఇంకేం రుజువు కావాలి? ఆకాశంలోకి ఎవరో ఏదో పంపించారని కార్ఖానాలో రేడియో చెబితే నమ్మనివాళ్ళున్న రోజులు. మా అవ్వ ఆ రేడియోను నమ్మలేదు, నన్ను నమ్మింది.

అవ్వను ఆ ఆదివారం మాతో తీసుకెళ్ళక తప్పలేదు. టాంగాలోంచి ఎర్రమట్టి చూడగానే నాయిన వైపు ఒక చూపు విసిరింది. వరండా, అద్దాలు కనబడగానే, "గిదే గద! నేను సెప్పలే?" అంది. చిన్నమ్మ లేచి నిలబడింది. కొండకు వచ్చిన తర్వాత ఆమె తల్లిని చూడడం అదే మొదలు. ఇద్దరూ ఏడ్చారు. నాయిన అటు తిరిగి చెట్లు చూశాడు.

కాసేపటికి అవ్వ కళ్ళు తుడుచుకుని, "మరి నీళ్ళమనిషి సచ్చిపాయె గద, నీళ్ళెవరిస్తున్నరు?" అని అడిగింది. చిన్నమ్మ పత్రిక ఇంకా చదవలేదు. తెల్లబోయి నా వైపు చూసింది. నేను చెవిలో చెప్పాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటుండగానే ఆయమ్మ కుండ, గ్లాసు పట్టుకుని అటే వచ్చింది.

"బతికే ఉన్నవా తల్లీ?" అని అవ్వ ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

ఆయమ్మకు ఎర్రపట్నం మంచం మంచం దగ్గరా విని అలవాటే. "కథల సంపిండ్రా నన్ను? సంపనియ్యి. నేను మంచిగనే ఉన్న అవ్వా, నీ బిడ్డను మంచిగనే సూసుకుంటున్న" అంది. ఆమె రుణం నేను తీర్చుకోలేను. అవ్వ మూట విప్పి రొట్టెలన్నీ ఆమె చేతిలోనే పెట్టింది.

ఆ తర్వాత ఎర్రపట్నం కథలు ఇంకో రెండో మూడో వచ్చాయి. చివరిదాంట్లో మడులు చూసే ముసలాయన భూమికి తిరిగి వెళ్ళడానికి ఓడ ఎక్కుతాడు. తలుపు మూసుకుంటుంది. కథ అయిపోతుంది. చిన్నమ్మకు ఎంత కోపం వచ్చిందంటే పత్రిక మంచం మీదికి విసిరికొట్టింది. మరుసటి వారం ఆ పేజీలో ఎవరో రాజుగారి సీరియల్ మొదలైంది. ఎందుకు ఆపేశారో ఎవరూ చెప్పలేదు. రాజుగారి సీరియల్‌ను మా ఇంట్లో ఎవరం చదవలేదు, అదొక పౌరుషం.

ఎండలు ముదరకముందే చిన్నమ్మకు నయమైందని డాక్టరు నాయినకు చెప్పాడు. జబ్బు ఎవరికీ అంటదని, అందరితో కలిసి తినొచ్చని రెండుసార్లు చెప్పాడట. నాయిన ఆ మాట అమ్మకు నాలుగుసార్లు చెప్పాడు. అమ్మ తల ఊపింది. పక్కగదికి సున్నం వేయించింది, కొత్త పరుపు కుట్టించింది, చిన్నమ్మకు ఇష్టమని సర్వపిండి చేసింది. బజారు నుంచి ఒక కొత్త సత్తు గ్లాసు, సత్తు పళ్ళెం కూడా తెప్పించింది. మిగతావాటిలో కలవకుండా గ్లాసు అడుగున మేకుతో గీత గీసింది. గీస్తున్నంతసేపూ ఏడ్చింది. నేను పక్కనే ఉన్నాను.

టాంగా దిగి చిన్నమ్మ వాకిట్లోకి వచ్చింది. లావయింది, తెల్లబడింది, జుట్టు కొద్దిగా ఊడింది. అమ్మ చంకలో తమ్ముణ్ణి చూసి నిలబడిపోయింది. నా చేతుల మధ్య ఖాళీలో చూసినవాడు ఆ రోజు కాళ్ళు ఊపుతూ ఎదురుగా ఉన్నాడు. ఒక అడుగు ముందుకు వేసి, మళ్ళీ వెనక్కి వేసింది. అప్పుడు గడప పక్కన పీట మీద విడిగా పెట్టిన గ్లాసు, పళ్ళెం ఆమెకు కనబడ్డాయి.

"మంచిగ చేసినవక్కా" అంది. "నేనే చెబుదామనుకున్న."

లోపలికి రాకుండా అరుగు మీద ఒక చివర కూర్చుంది. నాయిన టాంగా అతనితో ఏదో అనవసరమైన మాట మాట్లాడుతున్నాడు.

అవ్వ లోపలినుంచి ఇత్తడి చెంబుతో వచ్చింది. పీట మీద గ్లాసును చూసిందో లేదో తెలియదు, దాన్ని దాటుకుని వచ్చింది. చిన్నమ్మ ఎదురుగా నిలబడి చెంబు ఎత్తి, మూతి ఆనించి గుటగుటా తాగి, చెంబు ఆమె చేతిలో పెట్టింది.

"తాగు. ఓడ దిగినోళ్ళు తాగాలె."

చిన్నమ్మ ఆమె మొహంలోకి చూసింది. తాగింది. కొన్ని మిగిలాయి. తాను తాగగా మిగిలినవి పారబొయ్యడం కొండ మీద అలవాటు. లేచి చెంబు వాకిట్లోకి వంచబోయింది. అవ్వ చటుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఏందే! గా ఊర్లె ఉండొచ్చి నీళ్ళు పారబోస్తవా?"

చెంబు లాక్కుని ఒక గుక్క తాగి, పక్కనున్న నాకు ఇచ్చింది. నేను తాగాను. నీళ్ళకు అవ్వ నమిలే తంబాకు వాసన వచ్చింది. అడుగున ఇంకొంచెం ఉన్నాయి. ఇంకెవరికి ఇవ్వాలో తెలియక చెంబు పట్టుకుని నిలబడ్డాను.

అమ్మ నా దగ్గరికి వచ్చింది. చేతులు ఖాళీ లేవని, తమ్ముణ్ణి చిన్నమ్మ ఒళ్ళో కూర్చోబెట్టి, చెంబు అందుకుంది.